పేరు చెల్లదట!

విన్నారా, మా పక్కింటి అక్క మనవరాలి పేరు చెల్లదట! నేనంటున్న మాట కాదండీ బాబూ, కంప్యూటరు అంది. ఎర్ర అక్షరాల్లో, పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి మరీ అంది, సరైన పేరు ఇవ్వండి అని. ఉయ్యాల్లో వేసిన నాడు చెవిలో చెప్పిన పేరు, కులదైవం గుళ్ళో అర్చన చేయించిన పేరు, సర్టిఫికెట్ల మీద తమిళనాడు ప్రభుత్వం అచ్చు వేసి ఇచ్చిన పేరు. అది సరైనది కాకపోతే ఇంకేది సరైనదో ఆ ఫారమే చెప్పాలి మరి.

మాది నెల్లూరు. ఆయన ఉద్యోగం పుణ్యమా అని కోవిల్‌పట్టి వచ్చి పడ్డాం. నడుమెత్తు గోడకి అటు అక్క, ఇటు నేను. మునిసిపాలిటీ నీళ్ళు వచ్చిన రోజున బిందెలు నిండేదాకా మాట్లాడుకుంటాం, రాని రోజున ఎందుకు రాలేదో మాట్లాడుకుంటాం. అక్క వాళ్ళు ఎప్పుడో నాయక రాజుల కాలంలో దిగివచ్చిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట తెలుగు, బయట రాత తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి గుర్తుపట్టలేరు గానీ, నేనెప్పుడో మా అమ్మమ్మ నోట విన్న మాటలు ఆవిడ నోట ఇప్పటికీ తాజాగా ఉన్నాయి. కూతుర్ని విరుదునగర్ ఇచ్చారు. సాత్తూరు మీదుగా రైలెక్కితే ఎంతసేపు, మనవరాలు సెలవు దొరికితే ఇక్కడే. ఈసారి కాలేజీ దరఖాస్తు కూడా ఇక్కడే నింపడం మొదలుపెట్టింది. ఏ కాలేజీ అని అడక్కండి, ఊరూ పేరూ మనకెందుకు.

పిల్ల పేరు మీనాక్షి అనుకుందాం. సర్టిఫికెట్లో 'ఆర్. మీనాక్షి'. ఫారంలో రెండు గళ్ళు, ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. మొదటి గడిలో మీనాక్షి అని కొట్టింది, పచ్చ టిక్కు పడింది. రెండో గడిలో ఆర్ కొట్టింది. కనీసం రెండక్షరాలు ఉండాలంది. ఆర్ పక్కన చుక్క పెట్టింది. చుక్కలు పనికిరావంది. పోనీ అని ఖాళీగా వదిలేసింది. ఇది తప్పనిసరి అంది. ఇక ఏం చేయమంటారు?

"ఏం చెల్లెమ్మా, వెనక పేరు లేని పిల్లకి చదువు చెప్పరా?" అని అక్క గోడ మీద చెయ్యి వేసి నన్ను అడిగింది, ఆ కాలేజీ నాదే అయినట్టు.

అసలు చిక్కంతా ఈ పొడి అక్షరంలోనే ఉంది. మన వైపు ఎన్.టి. రామారావు అంటే ఎన్ నందమూరి, అంటే ఇంటిపేరు. అందుకే లాస్ట్ నేమ్ అని అడిగితే మనవాళ్ళు ముందున్న నందమూరిని తీసుకెళ్ళి వెనక పెడతారు, ఎలాగో గట్టెక్కుతారు. ఇక్కడ ముందున్న అక్షరం నాన్న పేరుది. విరుదునగర్‌లో పుట్టిన కామరాజు గారే ఉన్నారు, కె. కామరాజ్. ఆ కె వాళ్ళ నాన్న కుమారసామి. చిన్నప్పుడు ఆయనకి కులదైవం పేరున కామాక్షి అని పెట్టారట, తర్వాత కామరాజు అయ్యారు. 1954 నుంచి 1963 దాకా రాష్ట్రాన్ని ఏలారు, ఢిల్లీలో ప్రధానమంత్రులను నిలబెట్టారు. లాస్ట్ నేమ్ ఏమిటయ్యా అని ఆయన్ని ఎవరన్నా అడిగారా? అడిగితే మాత్రం ఏం రాసేవారు, ఒట్టి కె.

అదే విరుదునగర్ జిల్లాలో రాజపాళయం ఉంది. అక్కడి రాజులు మళ్ళీ మన పద్ధతి. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా పేరులో పి అంటే పూసపాటి, విజయనగరం వాళ్ళ ఇంటిపేరే. ఒకే జిల్లాలో రెండు పేర్లు, రెండూ మొదలయ్యేది ఒక పొడి అక్షరంతో, ఒక చుక్కతో. చూపుకి ఒకటే. ఒకటి నాన్న, ఒకటి వంశం. పైగా ఆడపిల్లకి పెళ్ళయితే చాలాసార్లు ఆ అక్షరం మారి మొగుడి పేరుది అవుతుంది. అక్క కూతురికి డిగ్రీ పట్టా మీద ఒక అక్షరం, ఆధార్ మీద ఇంకో అక్షరం. ఇద్దరు మనుషులనుకుని బ్యాంకువాళ్ళు ఒకసారి తిప్పి పంపారు కూడా.

మరి వెనక నాయుడు, నాయకర్, రెడ్డియార్ అని తగిలించుకునేవారు కదా అంటారా? అది 1929లో చెంగల్పట్టులో పెరియార్ వాళ్ళ ఆత్మగౌరవ మహాసభ జరిగినప్పుడే వదిలేద్దామన్నారు. పేరు వెనక కులం తోక ఉండకూడదని తీర్మానం. ఊరూరా ఒక్కరోజులో పోలేదు గానీ, ఇవాళ బడి రిజిస్టర్లు చూస్తే తోకలున్న పిల్లలు అరుదు. మంచి పనే చేశారు. ఆ మంచి పనికి లాస్ట్ నేమ్ గడి ఈ రకంగా జరిమానా వేస్తుందని ఆ సభలో ఎవరికి తెలుసు?

ఇంతలో అక్క కొడుకు వచ్చాడు. చెన్నైలో కంపెనీ, పని మాత్రం ఇంట్లోంచే. ఇలాంటి ఫారాలు కట్టడమే వాడి వృత్తి. అక్క వాణ్ణి చూడగానే దొంగ దొరికినట్టు పట్టుకుంది.

"నేను కట్టింది కాదమ్మా ఇది" అన్నాడు వాడు. "ఎవడో రెజెక్స్ రాశాడు, అంతే."

రెజెక్స్ అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అక్షరాల వరుస ఫలానా ఆకారంలో ఉందా లేదా అని చూసే చిన్న సూత్రం. దీనికి పెద్ద చరిత్రే ఉందట. 1951లో స్టీఫెన్ క్లీనీ అనే గణితం ఆయన, మెదడులో నరాలు ఎలా పనిచేస్తాయో లెక్కలో పెట్టే ప్రయత్నం చూస్తూ దీన్ని కనిపెట్టాడు. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని కంప్యూటర్లో వెతుకులాటకి వాడుకునే దారి చూపించాడు. కార్ల నంబర్లు, పిన్‌కోడ్‌లు, రైలు టిక్కెట్ల పీఎన్‌ఆర్‌లు, వీటికి ఇంతకంటే మంచి సాధనం లేదన్నాడు అక్క కొడుకు. పిన్‌కోడ్ అంటే ఆరంకెలు, మొదటిది సున్న కాకూడదు. అంతే, దానికి నిర్ణయం చేసినవాళ్ళు ఉన్నారు, నియమం ఉంది. పేరుకి నియమం ఎవరు పెట్టారు?

"ఏదీ, నాకూ చూపించు" అన్నాను. వాడు ల్యాప్‌టాప్ గోడ మీద పెట్టాడు. "పిన్నమ్మా, ఇంగ్లీషు వాళ్ళు ఏ నుంచి జెడ్ దాకా అని రాస్తారు. మనం తెలుగులో రాద్దాం. మొదటి అక్షరం ఏది, చివరిది ఏది?"

అ మొదలు, హ చివర అన్నాను. క్ష ఉంది కదా అని నోటిదాకా వచ్చింది గానీ అది కకి ష వత్తే కదా అని ఊరుకున్నాను. వాడు ఇలా రాశాడు:

^[అ-హ]+$

మొదటి గుర్తు అంటే ఇక్కడ మొదలవ్వాలి. డాలరు అంటే ఇక్కడితో అయిపోవాలి. బ్రాకెట్లో ఉన్నవే రావాలి, ప్లస్ అంటే ఒకటి గానీ ఎన్నయినా గానీ. వినడానికి న్యాయంగానే ఉంది కదా. నేను పేర్లు చెబుతుంటే వాడు నా చేత తెలుగు కీబోర్డు మీద కొట్టించాడు. కమల, లోపలికి వెళ్ళింది. వనజ, వెళ్ళింది. సరళ, జలజ, ఉమ, అందరూ వెళ్ళారు. నాకు హుషారొచ్చింది. రామ అని కొట్టాను. చెల్లదంది. సీత. చెల్లదు. లక్ష్మణ. చెల్లదు. ఇదేమిట్రా అని దశరథ కొట్టాను. చెల్లింది! భరత. అదీ చెల్లింది!

చూశారా, దశరథుడూ భరతుడూ అయోధ్యలో ఉన్నారు, రాముడూ సీతా లక్ష్మణుడూ అడవికి. నేను గోడ పట్టుకుని నవ్వుతుంటే అక్కకి అర్థంకాక, చెప్పాక ఆవిడా నవ్వి, "కైక ఏమైంది?" అంది. కొట్టి చూశాం. కైక కూడా బయటే. ఆ ఒక్క విషయంలో ఈ సూత్రం వాల్మీకి కంటే నయం.

కారణం వాడు చెప్పాడు. మనం రా అని ఒక అక్షరం అనుకుంటాం. కంప్యూటరుకి అది ర ఒకటి, దీర్ఘం ఒకటి, వెరసి రెండు. యూనికోడ్‌లో తెలుగుకి 128 గళ్ళు ఇచ్చారు. అందులో అచ్చులూ హల్లులూ ఒక వరసలో ఉన్నాయి, గుణింతం గుర్తులూ పొల్లూ హ దాటాక ఉన్నాయి, సున్న అకి ముందే ఉంది. అ నుంచి హ దాకా అనగానే దీర్ఘం, గుడి, కొమ్ము, వత్తు, సున్న అన్నీ గుమ్మం బయట. అందుకే గుణింతమే లేని పేర్లు మాత్రం లోపలికి వెళ్ళాయి. సరే, ఏ భాష అక్షరమైనా పర్వాలేదు అని చెప్పే సూత్రం ఒకటుందట, జావాస్క్రిప్టులోకి 2018లో వచ్చింది. అది కూడా అక్షరం అంటే అచ్చూ హల్లే అనుకుంటుంది. గుణింతాన్ని వేరే జాతిగా లెక్కపెడుతుంది. విశాల హృదయంతో అన్ని భాషలనూ రానిచ్చామని చెప్పుకునే కొన్ని ఫారాల్లో కూడా సీతమ్మ గడప దాటలేదన్నమాట.

పోనీ ఆ 128 గళ్ళూ తెరిచేద్దామన్నాను. తెరిచాడు. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, తెలుగు అంకెలు కూడా ఎవరూ పిలవకుండానే వచ్చేశాయి. అప్పుడు సరదాకి ఊరి పేరు కొట్టాను, కోవిల్‌పట్టి. చెల్లదంది! నాకైతే మతి పోయింది. వాడే కాసేపు చూసి కనుక్కున్నాడు. ల్ పక్కన ప రాయగానే అది ల కింద వత్తై కూర్చోకుండా మనం మధ్యలో ఒక కనపడని గుర్తు పెడతాం కదా, ఆ గుర్తు తెలుగు గళ్ళలో లేదు, వేరే చోట ఉంది. రాజ్‌కుమార్‌కి ఇదే గతి. కంటికి కనపడని దాని వల్ల పేరు చెల్లకపోతే, ఆ రాజ్‌కుమార్ ఎన్నిసార్లు కళ్ళద్దాలు తుడుచుకుని చూసుకున్నా తప్పేమిటో తెలియదు పాపం.

తమిళానికి కూడా ఇదే చిక్కు, ఇంకాస్త వింతగా. ఇక్కడ పొడి అక్షరం తమిళంలోనే రాయాలని 2021 డిసెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తమిళంలో పొడి అక్షరం అంటే గుణింతంతో సహా వస్తుంది. మన ఊరి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన పెద్ద రచయిత కి. రాజనారాయణన్ ఉన్నారు చూడండి, అందరూ కి.రా. అంటారు. ఆ కి మనకి ఒక్క అక్షరం. కంప్యూటరుకి క, గుడి, రెండు. కనీసం రెండక్షరాలు ఉండాలన్న ఫారంలో ఇంగ్లీషు ఆర్ ఓడిపోతుంది, తమిళ కి గెలుస్తుంది. ఒక్క అక్షరమే ఉండాలన్న ఫారంలో కి ఓడిపోతుంది. రూలు పెట్టినవాడికి ఈ రెండూ తెలియవు.

కి.రా. సంగతి వచ్చింది కాబట్టి కాస్త ఆగుతాను, మా అక్కకి ఆయనంటే ప్రాణం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో కథలు రాసిన మనిషి. తెలుగువాళ్ళు ఈ నల్లరేగడి నేలకి వలస వచ్చి ఊరు కట్టుకున్న కథ 'గోపల్ల గ్రామం', 1976లో వచ్చింది. దాని తర్వాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి. కరిసల్ అనే ఈ నల్లరేగడి నేల మాటలకు ఒక నిఘంటువే కూర్చారు. 2021 మే నెలలో పోయారు, కోవిల్‌పట్టిలోనే ఆయనకి స్మారక మందిరం కట్టారు. ఆయన పూర్తి పేరు చెబుతాను, ఊపిరి బిగబట్టి వినండి: రాయంగల శ్రీకృష్ణ రాజ నారాయణ పెరుమాళ్ రామానుజం నాయకర్. ఇంగ్లీషులో మామూలుగా రాసే లెక్కన 54 అక్షరాలు, మధ్యలో ఖాళీలతో 61.

పాస్‌పోర్టు తీసి ఫొటో ఉన్న పేజీ అడుగున చూడండి. కోణం గుర్తులతో నిండిన రెండు వరసలు ఉంటాయి. అది యంత్రం చదువుకునే చోటు. ఒక్కో వరసకి 44 గళ్ళు, పై వరసలో పేరుకి మిగిలేవి 39. చుక్కలు లేవు, గుణింతాలు లేవు, ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలూ, ఖాళీ బదులు ఆ కోణం గుర్తూ మాత్రమే. కి.రా. గారి పేరు అందులో పోసుకుంటూ వెళ్తే పెరుమాళ్‌లో మూడో అక్షరం దగ్గర గళ్ళు అయిపోతాయి. రామానుజమూ లేడు, నాయకరూ లేడు. అయితే గమనించారా, ఆ కుదింపు అడుగున ఉన్న వరసలకే. మనుషులు చదివే పేరు పైన విడిగా ఉంటుంది. యంత్రానికి కావలసింది యంత్రానికి, మనిషిది మనిషికి. ఇది నాకు నచ్చింది. యంత్రం కుదించుకుంది గానీ, నీ పేరు తప్పు అనలేదు.

ఆ మాత్రం ఇంగితం పాన్ కార్డు ఫారంలోనూ ఉంది. పొడి అక్షరాలు పనికిరావు, విడమరచి రాయమంటుంది, అక్కడ తిట్టుకోవాల్సిందే. కానీ కార్డు మీద పేరు ఎలా అచ్చు వేయమంటారో చెప్పండని పక్కనే ఇంకో గడి ఇస్తుంది. ఆ రెండో గడి పెట్టిన గుమాస్తా ఎవరో, ఈ వైపు మనిషే అయి ఉంటాడని నా అనుమానం.

కుదింపుతో అందరూ సర్దుకోరు లెండి. హవాయి దీవుల్లో ఒకావిడ ఇంటిపేరు 35 అక్షరాలు. లైసెన్సు మీద పట్టక చివరి అక్షరం ఎగరగొట్టారు. మీ పేరు కుదించుకోకూడదా అని ఎవరో అన్నారట. ఆవిడ ఊరుకోలేదు, పత్రికలకెక్కింది. 2013లో ప్రభుత్వమే దిగివచ్చి గళ్ళు 40కి పెంచింది.

పొడుగు ఒక్కటే చిక్కు కాదు. మన కోవిల్‌పట్టి ఏ జిల్లా? తూత్తుకుడి. ఆ సముద్రం ఒడ్డున పరవర్లు పోర్చుగీసు వాళ్ళ కాలంలో క్రైస్తవంలో చేరి ఫెర్నాండో, రోషె, డి'క్రూజ్ అని పేర్లు తెచ్చుకున్నారు. ఆ ఒడ్డు కథలు రాసిన జో డి'క్రూజ్ గారికి 'కొర్కై' నవల మీద 2013లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కి.రా. గారు పొడుగు వల్ల, ఈయన డి పక్కన వేలాడే కామా వల్ల. ఇద్దరు అకాడమీ రచయితలను గుమ్మంలో నిలబెట్టే ఫారాలు ఎన్నయినా ఉన్నాయి.

"ఆ కామాకి భయపడేవాళ్ళు ఎందుకో తెలుసా పిన్నమ్మా" అన్నాడు వాడు. డేటాబేసు భాషలో ఆ గుర్తు మాట ఇక్కడితో అయిపోయిందని చెబుతుందట. దాని తర్వాత వచ్చేది ఆజ్ఞ అనుకుని యంత్రం చేసేస్తుంది. దొంగలు అలా దూరతారు. అందుకని కొందరు ఆ గుర్తు ఉన్న పేర్లన్నీ నిషేధించారు. "పేరుని ఆజ్ఞతో కలిపి కుట్టకుండా విడిగా అందిస్తే సరిపోతుంది, ఎప్పుడో కనిపెట్టిన ఉపాయమే. అది చేయడానికి బద్ధకమై డి'క్రూజ్‌లని ఆపుతారు." వాడి గొంతులో కోపం వినగానే నాకు వాడి మీద కాస్త గౌరవం పెరిగింది.

గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళ గోడు ఇంకో రకం. 2022 నవంబరులో యుఏఈ వాళ్ళు పాస్‌పోర్టులో ఒకే పేరుంటే విజిటింగ్ వీసా మీద రానివ్వమన్నారు. తర్వాత రెండో పేజీలో నాన్న పేరుంటే చాల్లే అని సర్దారు. ఒంటి పేరుతో పుట్టి పెరిగిన ఈ జిల్లాల వాళ్ళు ఎంత గాభరా పడ్డారో. అమెరికా వీసాలో ముందు పేరు గడి ఖాళీగా ఉంటే ఎఫ్‌ఎన్‌యు అని వేస్తారు, ముందు పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడి క్లాసులో అయ్యవారు హాజరు పిలుస్తూ ఎఫ్‌ఎన్‌యు అంటే మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకేసారి చెయ్యెత్తడం కద్దు.

ఇదంతా సరే, ఈ పరీక్షల వల్ల ఒరిగేదేమిటి? చెత్త పేర్లు రాకుండా చూడ్డానికి అంటారు. మరి అక్క మనవరాలు చివరికి ఏం చేసిందనుకున్నారు? రెండో గడిలో ఆర్ఆర్ అని కొట్టింది. పచ్చ టిక్కు! స్నేహితురాలు ఒకతె మీనా మీనా అని రాసి గట్టెక్కిందట. ఇంకొకతె నాన్న పేరు మొత్తం రాసింది, అది సర్టిఫికెట్లో లేదు కాబట్టి రేపు చేరేటప్పుడు అఫిడవిట్ అడుగుతారు. నిజం చెప్పిన పిల్లని మూడుసార్లు వెనక్కి పంపి, అబద్ధం చెప్పగానే లోపలికి పిలిచి కుర్చీ వేసింది ఆ ఫారం. చెత్త రాకూడదని కాపలా పెడితే ఆ కాపలావాడే చెత్త పోయిస్తున్నాడు. ఇక నిజంగా దొంగపేరు ఇవ్వదలచినవాడు కమల అని రాస్తాడు. ఏ సూత్రం ఆపుతుంది వాణ్ణి?

ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామరు, జపాన్‌లో పనిచేసేవాడు, 2010లో పేర్ల గురించి తన తోటివాళ్ళు నమ్మే తప్పుడు నమ్మకాలు 40 రాసిపెట్టాడు. మనిషికి ఒకే పేరుంటుందని, పేరు మారదని, పేర్లకి ముందూ వెనకా అనే వరస అందరికీ ఒకటేనని, ఇలా. అక్క కొడుకు అవి చదివి వినిపిస్తుంటే అక్క ఒక్కోదానికి మా మేనత్త, మా చిన్నాన్న, మా వీధి చివర పూలమ్మే ఆవిడ అని ఉదాహరణలు చెబుతూ పోయింది. 40 కూడా ఆవిడకి తక్కువే అయ్యాయి.

పేరు మారదంటారు కదా, ఊళ్ళు మారలేదా? విరుదునగర్ ఒకప్పుడు విరుదుపట్టి. ఊరు ఎప్పుడో నగర్ అయింది. జిల్లా 1985లో కామరాజర్ జిల్లాగా పుట్టి 1997లో విరుదునగర్ జిల్లా అయింది. రైల్వేవాళ్ళ కోడ్ మాత్రం ఇప్పటికీ వీపీటీ. కోవిల్‌పట్టి కోడ్ సీవీపీ, ఇంగ్లీషువాళ్ళు సీతో రాసిన రోజుల వాసన. ఎవరికన్నా ఇబ్బందయిందా? టిక్కెట్టు సీవీపీకి తెగుతుంది, బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు ఊరికి నచ్చినట్టు ఉంటుంది. మనుషులకీ అలా ఒక అంకె ఇచ్చుకోండి. ఆధార్‌కి పన్నెండంకెలు ఇచ్చారు, దరఖాస్తుకి ఒక నంబరు ఇస్తున్నారు. పోల్చుకోవడానికి దాన్ని వాడుకుని, పేరుని దాని మానాన వదిలెయ్యండి.

పేరు తనిఖీ చేయాల్సిన చోట్లూ ఉన్నాయి, కాదనను. మా కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఇంకెక్కడో చేసిన చిక్కీకి ఈ ఊరి పేరు పెట్టి అమ్మితే అడగాల్సిందే. బెల్లం ఎక్కడిది, పల్లీ ఎక్కడిది, నీళ్ళు ఎక్కడివి అని ఆరా తీయాల్సిందే. సరుకు తన గురించి తాను చెప్పుకోలేదు. మీనాక్షి చెప్పుకుంటోంది కదా!

అక్క కొడుకు తన కంపెనీ ఫారం మార్చే పనిలో పడ్డాడు. ఫస్టూ లాస్టూ తీసేసి ఒకటే పొడుగు గడి పెట్టాడు, మీ కాగితాల్లో ఉన్నట్టు రాయండి అని. దాని కింద చిన్న గడి, మిమ్మల్ని ఏమని పిలవమంటారు అని. ముందూ వెనకా చేరిన ఖాళీలు తుడిచేస్తాడు. పూర్తిగా ఖాళీగా వదిలితే అడుగుతాడు. అంకె కనపడితే ఆపడు, ఇది సరిగానే కొట్టారా అని ఒకసారి అడిగి ఊరుకుంటాడు, అవునంటే అవునే. పొడుగు కి.రా. గారికి సరిపడా ఉంచాడు, కొలత కోసం ఆయన పేరే కొట్టి చూసుకున్నాడు. వాళ్ళ పైఆఫీసరు ఒప్పుకోలేదట ముందు. ఎవడన్నా చెత్త రాస్తే అన్నాడట. వీడు ఆ ఆఫీసరు పేరునే, చుక్కలతో సహా, పాత ఫారంలో కొట్టి చూపించాడు. ఆయనా తిరునెల్వేలి వైపు మనిషే. చెల్లలేదు.

ఇదంతా విని అక్క చివర్న అడిగింది, "అంతా బావుంది గానీ, మన ఇంటిపేరుకి గడి ఏదిరా?"

వాడు తెల్లమొహం వేశాడు. ఈ ఇళ్ళలో ఇంటిపేరు ఏ కాగితం మీదా ఉండదు, బడిలో లేదు, ఓటరు జాబితాలో లేదు, ఆధార్‌లో లేదు. ఎవరిని అడిగినా టక్కున చెబుతారు గానీ ఎక్కడా రాయరు.

"ఎందుకమ్మా, దాంతో ఫారానికి పనేముంది?" అన్నాడు.

"కాలేజీకి లేదు సరే. నువ్వు ఆ సంబంధాలు చూసే ఆప్‌లకి కూడా ఫారాలు కడతానన్నావుగా? అక్కడ పెట్టు, తప్పనిసరి అని ఎర్ర చుక్క పెట్టు. ఒకే ఇంటిపేరు వాళ్ళు ఇద్దరు ఎదురుపడితే అప్పుడు చెప్పమను, చెల్లదు అని!"